మూసీలో బస్సెక్కి మునేటి దాకా

హైదరాబాదులో విజయవాడ బస్సెక్కాలంటే ముందు నదిలోకి దిగాలి. పరాచికం కాదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కట్టిందే గౌలిగూడ దగ్గర మూసీ పాయల మధ్యన. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే, ఆ రాత్రి మూసీ నేరుగా ప్లాట్‌ఫారాల దగ్గరికే వచ్చింది. మిగతా రోజుల్లో అక్కడో నది ఉందన్న సంగతి ముక్కుకు తెలుస్తుంది గానీ కంటికి ఆనదు.

నేనుండేది నాగోలు వైపు. ఈ ప్రయాణానికి కారణం మా అపార్టుమెంటు మీటింగు. ట్యాంకర్ల ఖర్చు మీద మాటా మాటా పెరిగింది. అప్పటిదాకా నోరు విప్పని రిటైర్డు ఇంజినీరుగారు ఒకాయన ఉన్నట్టుండి అడిగారు: "మనం తాగే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. మనం వదిలేవి మూసీలో పడి మళ్లీ ఆ కృష్ణలోకే పోతాయి. ఆ కింద ఎవరున్నారో మీలో ఎవరైనా చూశారా?" ఎవరూ చూడలేదు. ఇంటికొచ్చి ఫోన్లో మ్యాపు తీశాను. సాగర్ ఎడమ కాలువ వెంట వేలు పెట్టి పోతే చివరికి జగ్గయ్యపేట, నందిగామ వైపు తేలాను. మూసీ వెంట పోతే వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల దాటి, మళ్లీ జగ్గయ్యపేట పక్కకే వచ్చాను. నగరానికి నీళ్లిచ్చే చెయ్యీ నగరం వదిలినవి పట్టే చెయ్యీ ఒకే మనిషివని తేలింది. ఆ మనిషిని చూడాలనిపించింది.

బస్సులో కూర్చోగానే నాకు తెలిసిన లెక్కలు ఒకసారి నెమరేసుకున్నాను. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్ నీళ్లు పల్లానికి వాటంతటవే వచ్చేవి. ఆ తర్వాత మంజీర. అదీ చాలక 2004లో కృష్ణ మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. మూడూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, ఏడాదికి 16.5 టీఎంసీలు. సాగర్ వెనుక జలాల్ని పుట్టంగండి దగ్గర మోటార్లతో పైకి తోడి, అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కిస్తారు. మా వంటింట్లో కుళాయి తిప్పితే పడేది ఇంత కొండెక్కి వచ్చిన నది.

సూర్యాపేటకు ముందు టేకుమట్ల దగ్గర హైవే మూసీని దాటుతుంది. బస్సు చప్పుడుకి నిద్రపోకుండా కిటికీ పక్కనే కూర్చున్నాను, ఇది చూడ్డానికే. చాదర్‌ఘాట్ దగ్గర నల్లగా నురగలు కక్కే నది ఇక్కడ మామూలు ఏరులా ఉంది. రెల్లు దుబ్బులు, కొంగలు, ఒడ్డున వరి. పక్క సీటాయన్ని "ఇది మూసీయేనా అండీ?" అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. దారి పొడవునా ఉన్న కత్వల, అంటే చిన్న అడ్డుకట్టల, వెనక నీళ్లు నిలిచి, మడ్డి అడుగుకు దిగి, గడ్డి తోటలకూ పొలాలకూ పారి, సోలిపేట దగ్గర 1963 నాటి మూసీ ప్రాజెక్టులో ఆగి వస్తాయి మరి. నగరం చేయాల్సిన శుద్ధిలో కొంత భాగం నల్గొండ మట్టి ఊరికే చేసిపెడుతోంది. కంటికి కనపడని మందులూ రసాయనాలూ ఆ మట్టికి చిక్కుతాయా అన్నది వేరే ప్రశ్న. కొంగల్ని చూసి అన్నీ బాగున్నాయనుకోలేం.

కోదాడ దాటాక పాలేరు. అటు తెలంగాణ, ఇటు గరికపాడు, ఆంధ్రప్రదేశ్. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు ఇక్కడ రోడ్డు దెబ్బతిని రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నేను వెళ్లినప్పుడు పాలేరు మోకాలి లోతు కూడా లేదు. ఇంత చిన్న ఏరు అంత పెద్ద హైవేని ఎలా ఆపిందో ఎంతసేపు చూసినా ఊహకు అందలేదు.

మీరు వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. ఎక్స్‌ప్రెస్ బస్సులు చాలావరకు జగ్గయ్యపేట ఊళ్లోకి రావు. "చిల్లకల్లు, చిల్లకల్లు!" అని కండక్టరు అరిస్తే దిగిపోవాలి. దిగితే కనపడేది టోల్‌గేటు, లారీలు, సిమెంటు దుమ్ము, షేరాటోలు. ఊరు ఇంకా లోపల. ఈ చుట్టుపక్కల సున్నపురాయి దండిగా ఉంది, అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు. మా హైదరాబాదు అపార్టుమెంట్లలో సగం ఈ నేలలోంచే లేచాయేమో అనుకుంటూ ఆటో ఎక్కాను.

జగ్గయ్యపేట ఒకప్పటి బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరు మీద పేట కట్టించాడు. అంతకు పదిహేను వందల ఏళ్ల ముందే ఇక్కడి ధనంబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో పురాతత్వవేత్త బర్జెస్ తవ్వకాల్లో బయటపడిన సున్నపురాతి పలకల్లో ఒకటి మాంధాత చక్రవర్తిది. చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. నదిని పక్కన పెట్టుకుని వాన కోసం ఆకాశం కేసి చూసే మెట్ట సీమలో చెక్కిన బొమ్మ అది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కృష్ణ నీళ్లు కూడా తెలుగుగంగ పుణ్యమా అని 1996 నుంచి చెన్నైకి పోతున్నాయి కాబట్టి, చక్రవర్తికి అక్కడ మరీ పరాయిగా ఏమీ ఉండదు.

పొద్దున్నే ఒక చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి నషాళానికి అంటింది. మంచినీళ్లడిగితే ఇరవై లీటర్ల డబ్బాలోంచి స్టీలు గ్లాసులో పోసిచ్చారు. కృష్ణ ఇంత దగ్గర పెట్టుకుని డబ్బా నీళ్లేంటండీ అన్నాను. హోటలావిడ నవ్వి, "మీ ఊళ్లో కృష్ణ నీళ్లే తాగుతారా మీరు?" అంది. మా ఇంట్లోనూ కుళాయి మీద ఫిల్టరు మిషను ఉంది, ఆఫీసులో డబ్బా ఉంది. మాట మార్చి ఇంకో అట్టు చెప్పాను. మధ్యాహ్నం భోజనంలో గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, పప్పుచారు. హైదరాబాదులో కారం తినడం ధైర్యం కింద లెక్క. ఇక్కడ కారం పంట. దాన్ని చూసి భయపడేవాణ్ని పిల్లలు కూడా జాలిగా చూస్తారు.

ముక్త్యాలకు ఆటోలో వెళ్లాను. కార్తీకమాసం అయిపోవడంతో భవానీ ముక్తేశ్వరాలయం దగ్గర జనం పల్చగా ఉన్నారు. మెట్ల కింద కృష్ణ. అవతలి ఒడ్డు పల్నాడు. నది ఇంత వెడల్పుగా, ఇంత తీరుబడిగా ఉంటుందని పైపుల్లో చూసేవాడికి తెలియదు. బట్టలుతుక్కుంటున్న ఆడవాళ్లు, పుట్టి మీద వల సర్దుకుంటున్న ఒకతను, మెట్ల మీద పేపరు చదువుతున్న ఒక పెద్దాయన.

"ఏ ఊరు బాబూ మీది?"

"హైదరాబాదండీ."

"అయితే మీ నీళ్లే ఇవి. చూసుకోండి ఒకసారి," అన్నాడు, కళ్లజోడు తీయకుండానే.

సాగర్ కథ ఆయన దగ్గరే మొదలుపెట్టించుకున్నాను. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పేరు ఇక్కడ ఇంకా ఇంట్లో మనిషి పేరులా పలుకుతుంది. కృష్ణ నీళ్లను పెన్నాకు మళ్లించాలని అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆలోచిస్తున్న రోజుల్లో, కాదు, నందికొండ దగ్గరే, అంటే ఇప్పుడు సాగర్ ఉన్న చోటే, ఆనకట్ట కట్టాలని పట్టుబట్టిన వాళ్లలో ఆయన ముందుంటాడు. 1952లో ఖోస్లా కమిటీ చూడ్డానికి వస్తానంటే నందికొండకు సరైన దారి లేదు. ఊళ్లవాళ్లను కూడగట్టి దారి వేయించాడని చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు.

"ఎందుకంత పట్టుదల?" అన్నాను.

"కింద బెజవాడలో ఆనకట్ట 1855లో కట్టారు. దివిసీమ దాకా వరి. మాకు చూస్తే నది పల్లంలో, పొలం మెరకలో. చూపుకే గానీ చేనుకి లేదు నీళ్లు," అన్నాడు.

ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఈ పడమటి తాలూకాలన్నీ మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, మెట్ట మారలేదు.

ఆ మెట్ల మీద కూర్చునే నన్ను కొంతకాలంగా తొలుస్తున్న ఒక లెక్క ఆయనకు చెప్పాను. కృష్ణ నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒక నియమం పెట్టింది. బేసిన్‌లో సాగుకు తీసుకున్న నీరు మొత్తం వాడుక కిందే లెక్క. అదే ఊళ్లూ నగరాలూ ఇంటి అవసరాలకు తీసుకుంటే, అందులో 20 శాతమే వాడుక. అంటే మిగిలిన 80 శాతం తిరిగి నదికి చేరుతుందని లెక్క. కాగితం మీద ఇది న్యాయమే. స్నానం చేసిన నీళ్లు మాయమైపోవు కదా. ఆ లెక్కన హైదరాబాదు తీసుకునే 16.5 టీఎంసీల్లో 13కు పైగా మూసీ దారిలో వెనక్కి రావాలి. ఏ రంగులో రావాలన్నది మాత్రం ఆ లెక్కలో లేదు.

పెద్దాయన పేపరు మడిచాడు. "అప్పు తీసుకున్న బియ్యం తిరిగిస్తారు, సరే. వండి, తిని, కడిగిన కుడితి కొలిచిస్తే కొలత సరిపోతుందా బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రం ఉందని, నాగోలులోనూ ఒకటుందని, ఈమధ్య కొత్తవి చాలా కట్టారని చెప్పాను. నాగోలు కేంద్రం పక్కనుంచి రోజూ వెళ్తూ ఒక్కసారైనా లోపలికి తొంగిచూడనివాడిగా, ఆ మాటలు నాకే పేపర్లో చదివి వినిపిస్తున్నట్టున్నాయి.

ముక్త్యాల నుంచి వేదాద్రి. ఇక్కడి యోగానంద నరసింహస్వామి గుడి సరిగ్గా నది ఒడ్డున. అయిదుగురు నరసింహులుంటారిక్కడ, అందులో సాలగ్రామ నరసింహుడు ఏకంగా నదిలోనే. మా దగ్గర దేవుణ్ని నీళ్లకు దూరంగా కొండెక్కించి, వినాయకుణ్ని మాత్రం చెరువులో ముంచుతాం. ఇక్కడి దేవుడు కృష్ణలో ఏమి కలిసినా ముందు తానే రుచి చూస్తాడన్నమాట. మెట్ల దగ్గర ఒకావిడ సీసాలో నది నీళ్లు పట్టుకుంటోంది. నా అరచేతిలోనూ కాసిని పోసి, "తీసుకోండి, మంచిది" అంది. మూసీ, వాడపల్లి, పులిచింతల వరసగా కళ్లముందు తిరిగాయి. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి మురుగునీటిని శుద్ధిచేసి మంచినీళ్లలో కలిపి తాగుతున్నారు. సింగపూర్ 2003 నుంచి ఆ పని చేస్తోంది, సీసాల్లో పోసి పంచింది కూడా. వాళ్లు పరీక్షలు చేసి, ప్రజలకు చెప్పి చేస్తున్నారు. మనమూ చేస్తున్నాం, మధ్యలో ఒక నదిని పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా. పులిచింతలలో నిండుగా 45.77 టీఎంసీలు పడతాయి. అంత నీటిలో కలిసి, తేరుకుని వచ్చేదే ఇది అని మనసుకు సర్దిచెప్పుకుని తీర్థం పుచ్చుకున్నాను. చల్లగా ఉంది. ఏమీ కాలేదు.

అసలు తిరుగుడు ఆ తర్వాత మొదలైంది. కాలువ చివరి పొలాలు చూడాలని వత్సవాయి వైపు బయల్దేరాను. ఇక్కడ దారి అడిగితే షాపులూ సర్కిళ్లూ చెప్పరు. "మేజరు మీద పడి పోండి, రెండో తూము దగ్గర దిగండి, మైనరు తగులుద్ది, దాని ఎడం గట్టు పట్టుకోండి" అన్నారు. మేజరంటే పెద్ద పంపిణీ కాలువ, మైనరు దాని పిల్ల. ఇంకొకాయన "ఆ గట్టు కాదు, కుడిగట్టు, ఎడమది తెగింది" అన్నాడు. ఫోన్లో మ్యాపు నన్ను ఏకంగా పత్తి చేలో నిలబెట్టి గమ్యం చేరానని ప్రకటించింది. పత్తి తీస్తున్న ఆడవాళ్లు పని ఆపి మరీ నవ్వారు. అందులో ఒకామె, "అన్నయ్యా, కాలువ కోసం వచ్చారా? కాలువ కోసం మేమూ చూస్తన్నాం" అంది. చేతిలో దూది, తలకి తువ్వాలు. మొత్తానికి వాళ్ల పిల్లవాడొకడు ముందు సైకిలు తొక్కుతూ తీసుకెళ్లాడు.

కాలువ అనగానే నాకు ఫొటోల్లోని సాగర్ కాలువ మనసులో ఉంది. చూసింది మాత్రం ఎగిరి దూకగలిగేంత పిల్లకాలువ. తుంగ, నాచు, కొంచెం పారుతున్న నీరు. గట్టు మీద ఒక రైతు, ఒక లస్కరు. కాలువ మీద కాపలా, తూము తలుపులు తిప్పడం లస్కరు పని. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారనుకున్నాను. కాదట, మాట్లాడుకోవడమే అంతట.

ఎడమ కాలువ నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలు తడిపాక ఇక్కడికొస్తుంది. ఆపైన తిరువూరు, మైలవరం, నూజివీడు వైపు మిగతావాళ్లూ ఉన్నారు. అందుకని నీళ్లు కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు బందు పెడతారు. ఆన్, ఆఫ్ అంటారు. ఆన్‌లో ఉన్నా పై ఊళ్లవాళ్లు కాలువకు మోటార్లు వేసి లాగేస్తే ఈ కొసకు, అంటే టైలెండుకు, చేరేది తడి మాత్రమే. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట పైకి నడిచి తూములు చూసుకొస్తామని రైతు చెబుతుంటే మా వీధి గుర్తొచ్చింది. మా దగ్గరా జలమండలి నీళ్లు రోజు మార్చి రోజు. నీళ్లొచ్చే వేళకు నేరుగా పైపుకే మోటారు బిగించి లాగేవాళ్లున్నారు. వీధి చివరింట్లో ఆ రోజు బకెట్టు నిండదు. మా వాచ్‌మన్ పొద్దున అయిదింటికి టార్చితో తిరిగేది అందుకే. నాగోలులోనూ ఒక టైలెండు ఉంది, ఇన్నాళ్లూ దానికి పేరు పెట్టుకోలేదంతే.

"మీ హైదరాబాదుకి నీళ్లు తీసుకుపోయి మాకు లేకుండా చేశారు" అని తిడతాడేమో అనుకున్నాను. రైతు తిట్టలేదు. లెక్క అడిగాడు. నేను లెక్కపెట్టి చెప్పాను: హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఎకరంలో సెంటీమీటరు ఎత్తు నీరు నిలవాలంటే 40 వేల లీటర్లు కావాలి. అంటే రెండిళ్ల నెల నీళ్లు ఎకరానికి ఒక సెంటీమీటరు. సాగర్ ఎడమ కాలువ కేటాయింపు 132 టీఎంసీలు, నగరం తీసుకునేది 16.5.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు. "తాగండి. తాగే నీళ్లకి అడ్డమొచ్చేవాడు మనిషి కాదు. కరువు సంవత్సరం సాగర్ అడుగంటితే మాత్రం ముందు మీ పైపు, తర్వాతే మా కాలువ. అప్పుడు మాకు వదిలేదీ తాగడానికే, చెరువులు నింపుకోవడానికి. ఆ యేడు మీరేం తగ్గించుకుంటారు?"

బచావత్‌కు కూడా తట్టని ప్రశ్న ఇదే అనిపించింది నాకు. కరువు యేడు ఇతను ఆరుతడి పంటకు మారతాడు, లేదా చేను బీడు పెడతాడు. మేం ట్యాంకరు పిలుస్తాం, బోరు ఇంకో రెండు వందల అడుగులు దింపుతాం. ఇంకుడుగుంత తవ్వాలని మా మీటింగుల్లో తీర్మానం చేశాం. ఆ చోట ఇప్పుడు కారు పార్కింగుంది. నగరం నీళ్లు ఎక్కువ తాగుతుందని కాదు, నీళ్లు తగ్గిన సంగతి నగరానికి ఆఖరున తెలుస్తుందన్నదే బాధ. ఈ కొసకు మొదటే తెలిసిపోతుంది.

నందిగామకు బస్సులో వచ్చాను. దారికి రెండు వైపులా పత్తి, మిరప. నందిగామ దాటగానే అయితవరం, కీసర, మునేరు. మునేరు వరంగల్లు వైపు పుట్టి, ఖమ్మం ఊరి పక్కగా వచ్చి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి తాకి, ఇక్కడికి దిగువన కృష్ణలో కలుస్తుంది. 2023 జులై చివర్లో ఈ అయితవరం దగ్గర హైవే మీదికి ఎక్కేసింది. హైదరాబాదు, విజయవాడ మధ్య బస్సులూ లారీలూ ఎక్కడివక్కడ నిలిచాయి. ఏడాది తిరిగేసరికి 2024 సెప్టెంబరులో మళ్లీ వరద. అప్పుడు ఖమ్మం మునిగింది, బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగింది. టీకొట్టు అతను గోడ మీద నా ఛాతీ ఎత్తున గీత చూపించి, "ఇక్కడి దాకా వచ్చినై" అన్నాడు. దాని కింద క్యాలెండరు, పక్కన బిస్కెట్ల సీసాలు. మొన్న కాలువ గట్టు మీద అరచేయి వెడల్పు నీటి కోసం రాత్రి కాపలా, ఇవాళ ఇక్కడ గోడ మీద ఈ గీత. రెండింటి మధ్య దూరం ఆటో చార్జీయే.

మరి వాన పడ్డప్పుడే ఆపుకోవచ్చు కదా అంటే, టీకొట్టు అతను పోలంపల్లి ఆనకట్ట సంగతెత్తాడు. మునేటి మీద ఎప్పుడో తెల్లవాళ్ల కాలంలో కట్టింది. దాని కింద చెరువులున్నాయి, కొన్ని పూడాయి, కొన్ని చిన్నబోయాయి. హైదరాబాదు చెరువుల మీద ఇళ్లు లేచాయని, ఆ ఇళ్లలోకి నీళ్లొస్తే పేపర్లో ఫొటోలు వేస్తారని నేనన్నాను. "ఇక్కడ ఫొటో వెయ్యరు, అంతే తేడా" అని ఇంకో టీ పోశాడు. అల్లం దంచి వేసిన టీ అది. మీరు ఆగితే తప్పకుండా తాగండి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. రైలు సంగతి మరిచిపోండి, బస్సే దారి. జగ్గయ్యపేటలో బస చేస్తే ముక్త్యాల, వేదాద్రి ఒకే పూటలో చూడొచ్చు. ధనంబోడుకు ఎండెక్కక ముందే వెళ్లండి. కాలువ చూడాలంటే మ్యాపును నమ్మకండి, పత్తి చేలో అడగండి. ఎప్పుడు రావాలని నేను ఆ లస్కరునే అడిగాను. "సంక్రాంతి దాటాక రండి. మిరపకాయ కోతలుంటాయి, కాలవ కూడా ఉంటది. వేసంగిలో వచ్చేటట్టయితే మీ ఊరి నుంచే ఒక డబ్బా నీళ్లు తెచ్చుకోండి. ఎట్టాగూ మావే కదా," అన్నాడు.